కొండ కరెంటు ఎవరింటికి, బిల్లు ఎవరింటికి? మాచ్‌ఖండ్ నుంచి డేటా సెంటర్ల దాకా



ఈ మధ్య మన గ్రూపులో విశాఖ డేటా సెంటర్ మీద చాలా పోస్టులు వచ్చాయి. ఉద్యోగాలొస్తాయని కొందరు, భూములు పోతాయని కొందరు రాశారు. రెండూ చదివాం. మేం హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కంప్యూటర్ల మీద మాకేం కోపం లేదు, ఈ పోస్టు కూడా ఫోన్లోనే టైపు చేస్తున్నాం. కానీ ఇన్ని పోస్టుల్లో ఒక మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది కరెంటు బిల్లు.

"మనకి 200 యూనిట్ల దాకా ఫ్రీయే కదా, మనకెందుకు ఈ గొడవ" అని మీరు అనొచ్చు. మా రూముల్లో కూడా ముందు ఈ మాటే వచ్చింది. దానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పలేం. కరెంటు ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది, ఎవరు కట్టారు అనే చరిత్ర తెలిస్తే జవాబు దానంతటదే తెలుస్తుంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఒక చిన్న లెక్క

డేటా సెంటర్ అంటే వేల వేల కంప్యూటర్లు వరసగా పేర్చిన పెద్ద షెడ్డు. మనం ఫోన్లో చూసే వీడియో, పంపే ఫొటో, ఏఐని అడిగే ప్రశ్న, అన్నీ అలాంటి షెడ్డులోనే నడుస్తాయి. కంప్యూటర్లు నడవడానికి కరెంటు కావాలి. అవి వేడెక్కితే చల్లబరచడానికి మళ్లీ కరెంటు, నీళ్లు కావాలి. మన ఇంట్లో పొద్దున ఫ్యాను ఆపేస్తాం, రాత్రి లైటు తీసేస్తాం. అక్కడ అలా కుదరదు. 24 గంటలూ, 365 రోజులూ నడవాల్సిందే.

2025 అక్టోబర్ 14న గూగుల్ కంపెనీ విశాఖలో డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, 1 గిగావాట్ సామర్థ్యం అని చెప్పారు. అదానీ, ఎయిర్‌టెల్ సంస్థలు భాగస్వాములు. తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు పేపర్లో మీరూ చూసే ఉంటారు.

1 గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. అది పూర్తిగా నడిస్తే గంటకి 10 లక్షల యూనిట్లు, రోజుకి 2 కోట్ల 40 లక్షల యూనిట్లు, నెలకి 72 కోట్ల యూనిట్లు. నెలకి 200 యూనిట్లు వాడే ఇల్లు అనుకుంటే, ఇది 36 లక్షల ఇళ్లు వాడే కరెంటుతో సమానం.

ఇంకో విధంగా చూడండి. మన కొండల్లో ఉన్న జలవిద్యుత్ కేంద్రాలన్నీ కలపండి. మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరు మోతుగూడెం దగ్గర 460. మొత్తం 845. మన నదులూ గెడ్డలూ అన్నీ కలిసి, అన్ని టర్బైన్లూ ఒకేసారి పూర్తిగా తిరిగినా, ఆ ఒక్క సెంటర్‌కి చాలదు.

మాచ్‌ఖండ్: వెలుగు కిందికి పోయిన కథ

మాచ్‌ఖండ్ పేరు ముంచింగిపుట్టు, పెదబయలు వైపు వాళ్లకి కొత్త కాదు. మిగతా వాళ్ల కోసం చెప్తున్నాం. స్వాతంత్య్రానికి ముందే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఈ నది మీద కరెంటు తీయాలని ఒప్పందానికి వచ్చాయి. జోలాపుట్ దగ్గర డ్యామ్ కట్టారు. డుడుమ జలపాతం దగ్గర నీళ్లు పడే ఎత్తును వాడుకుని టర్బైన్లు తిప్పారు. 1955 ఆగస్టులో అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దీన్ని ప్రారంభించారు. తీగలు కొండ దిగి విశాఖపట్నం, కోస్తా పట్టణాల వైపు పోయాయి.

జోలాపుట్ నీళ్ల కింద మునిగినవి ఎవరి ఊళ్లు? సుమారు 3 వేల కుటుంబాలు లేచిపోవాల్సి వచ్చింది. అందులో సగం దాకా ఆదివాసీ కుటుంబాలే. పరజలు, గదబలు ఉన్న నేల అది. వాళ్లలో పునరావాసం దొరికింది కొద్దిమందికే. అప్పటికి భూసేకరణలో పునరావాసం హక్కు అనే మాటే చట్టంలో లేదు. పట్టా లేని పోడుకి నష్టపరిహారం ఎవరిస్తారు? చాలామంది ఇంకా పై కొండలకి పోయి మళ్లీ అడవి కొట్టుకుని బతికారు. తర్వాత వాళ్లనే అడవిని పాడుచేసేవాళ్లు అన్నారు.

ఆ తర్వాత సీలేరు వచ్చింది. 1960ల చివర్లో ఎగువ సీలేరు, 1970ల చివర్లో దిగువ సీలేరు. రోడ్లు వచ్చాయి, ప్రాజెక్టు కాలనీలు వచ్చాయి, కాలనీల్లో వీధి దీపాలు వచ్చాయి. కానీ టవర్ లైన్ల కింద ఉన్న మన ఊళ్లలో ఏళ్ల తరబడి కిరసనాయిల్ దీపాలే. ఏజెన్సీలో చాలా ఊళ్లకి కరెంటు వచ్చింది మన అమ్మానాన్నల కాలంలో. కొన్ని ఊళ్లకి మన కళ్లముందే వచ్చింది. ఇంటి మీదుగా పోయే తీగలో కరెంటు ఉంటుంది, ఇంట్లో ఉండదు. పై తీగ పెద్ద ఓల్టేజీది, ఇంటికి రావాలంటే సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్, స్తంభాలు కావాలి, వాటికి డబ్బు పెట్టాలి. ఎవరి కోసం డబ్బు పెడతారో వాళ్లకే కరెంటు వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బిల్లు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తెలంగాణ వైపు అన్నలకి ఇలాంటి కథే తెలుసు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని మీద రిజర్వాయర్ కట్టారు, కొత్తగూడెం థర్మల్ స్టేషన్‌కి నీళ్ల కోసం. అదీ కోయల నేల. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు మండలం ఆంధ్రలోకి వచ్చినప్పుడు దిగువ సీలేరు కేంద్రం ఎవరిదని రెండు రాష్ట్రాలూ గట్టిగా మాట్లాడుకున్నాయి. 460 మెగావాట్లు ఎటు పోయాయని లెక్క తీశారు. ఆ నేల మీద మనుషులు ఎటు పోయారని అంత గట్టిగా ఎవరూ అడగలేదు.

సెలైలో: అదే కాలంలో, అదే కథ

ఇది మన ఒక్కరి కథే అనుకున్నాం. కాదు. అమెరికాలో, ఒరెగాన్ రాష్ట్రంలో కొలంబియా నది మీద సెలైలో అనే జలపాతం ఉండేది. యకామా, యుమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్, నెజ్ పెర్స్ తెగల వాళ్లు వేల ఏళ్లుగా అక్కడ సాల్మన్ చేపలు పట్టేవాళ్లు. రాళ్ల మీద చెక్క మంచెలు కట్టి, వాటి మీద నిలబడి వలతో చేపలెత్తేవాళ్లు. చుట్టుపక్కల తెగలన్నీ అక్కడికే వచ్చి సరుకు మార్చుకునేవి. మన వారపు సంత లాగా, కాకపోతే చాలా పెద్ద సంత. 1855లో అమెరికా ప్రభుత్వం ఆ తెగలతో ఒప్పందాలు రాసుకుంది. భూమి తీసుకుంది, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కు మీకే ఉంటుందని రాసిచ్చింది.

1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ గేట్లు మూశారు. కొన్ని గంటల్లోనే సెలైలో నీళ్ల కింద మునిగిపోయింది. మాచ్‌ఖండ్ ప్రారంభమై అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. తెగలకి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. జలపాతం మాత్రం మళ్లీ రాలేదు.

ఆ డ్యామ్ కరెంటు చాలా చౌక. చౌక కరెంటు కోసం 1958లో అక్కడికి అల్యూమినియం ఫ్యాక్టరీ వచ్చింది. అల్యూమినియం తీయాలంటే బోలెడు కరెంటు కావాలి. మన బాక్సైట్ గొడవ చూసినవాళ్లకి ఇది తెలుసు. 2000 వచ్చేసరికి కరెంటు ధర పెరిగి ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2006లో అదే ఊరికి గూగుల్ వచ్చి తన డేటా సెంటర్ తెరిచింది. సొంతంగా కట్టుకున్న మొదటి పెద్ద సెంటర్లలో అదొకటి. కారణం మళ్లీ అదే: చౌక కరెంటు, నీళ్లు, పన్ను రాయితీలు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఆ సెంటర్ ఎన్ని నీళ్లు వాడుతుందో చెప్పమని ఒక పత్రిక అడిగితే, అది కంపెనీ రహస్యమని ఊరి మున్సిపాలిటీయే పత్రిక మీద కోర్టుకి వెళ్లింది. 2022 చివర్లో లెక్క బయటపెట్టాల్సి వచ్చింది. 2021లో ఊరు మొత్తం వాడిన నీళ్లలో నాలుగో వంతు కంటే ఎక్కువ ఆ ఒక్క కంపెనీయే వాడింది. సొంత ఊరి నీళ్ల లెక్క తెలుసుకోవడానికి ఊరివాళ్లకే ఇంత కాలం పట్టింది.

చూడండి, అక్కడ వరస ఎలా ఉందో. తెగల జలపాతం డ్యామ్ అయింది, డ్యామ్ ఫ్యాక్టరీని తెచ్చింది, ఫ్యాక్టరీ పోయిన ఊరికి డేటా సెంటర్ వచ్చింది. విశాఖ ఈ వరసలో ఇప్పుడు ఎక్కడుందో మీరే ఆలోచించండి.

ఇళ్ల బిల్లు ఎలా పెరిగింది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఎక్కడో షెడ్డులో కంప్యూటర్లు తిరిగితే ఇంకెవరి ఇంట్లోనో బిల్లు ఎందుకు పెరగాలి? వాళ్ల కరెంటుకి వాళ్లే కడతారు కదా?

వర్జీనియాలో ఏం జరిగిందో చూద్దాం. ఆ రాష్ట్రం ఉత్తరాన లౌడన్ కౌంటీ ఉంది. ప్రపంచంలో డేటా సెంటర్లు అన్నిటికంటే ఎక్కువగా గుమిగూడిన చోటు అది. 1990ల్లో ఇంటర్నెట్ తీగలు కలిసే చోటు ఆ పక్కనే ఉండటంతో మొదలైంది. తర్వాత రాష్ట్రం అమ్మకపు పన్ను రాయితీ ఇచ్చింది, ఇంకా పెరిగింది. 2023 నాటికి వర్జీనియా మొత్తం కరెంటులో నాలుగో వంతు డేటా సెంటర్లకే పోతోంది. అమెరికా మొత్తం మీద చూస్తే 2014లో డేటా సెంటర్లు వాడింది 58 టెరావాట్ అవర్లు, అంటే 5,800 కోట్ల యూనిట్లు. 2023లో 17,600 కోట్ల యూనిట్లు. తొమ్మిదేళ్లలో మూడింతలు.

వర్జీనియాతో కలిపి 13 రాష్ట్రాలకీ రాజధాని వాషింగ్టన్‌కీ కరెంటు సర్దే గ్రిడ్ ఒకటుంది, పేరు పీజేఎం. సుమారు 6 కోట్ల 50 లక్షల మంది దాని కింద ఉన్నారు. అక్కడ ముందస్తు వేలం ఒకటి జరుగుతుంది. "ఫలానా ఏడాది గిరాకీ బాగా పెరిగిన రోజు కూడా మేం కరెంటు ఇస్తాం" అని ప్లాంట్లు మాటిస్తాయి. ఆ మాటకే ఒక ధర ఉంటుంది. పెళ్లికి వంటవాడికి ముందే అడ్వాన్సు ఇచ్చి రోజు ఖాయం చేసుకున్నట్టు. 2024-25 సంవత్సరానికి ఆ ధర మెగావాట్‌కి రోజుకి సుమారు 29 డాలర్లు. 2025-26కి వేలం 2024 జూలైలో జరిగింది. ధర సుమారు 270 డాలర్లు అయింది. తొమ్మిది రెట్లు. మొత్తం ఖర్చు 220 కోట్ల డాలర్ల నుంచి 1,470 కోట్ల డాలర్లకి పోయింది. పాత ప్లాంట్లు మూసేయడం, కొత్తవాటికి అనుమతులు ఆలస్యం కావడం, వేలం రూల్స్ మారడం కూడా కారణాలే. కానీ ఆ మార్కెట్‌ని గమనించడానికి ఉన్న స్వతంత్ర సంస్థ లెక్క కట్టి చెప్పింది: డేటా సెంటర్ల గిరాకీ వల్ల పెరిగింది 930 కోట్ల డాలర్లు.

ఆ డబ్బు ఎవరు కడతారు? గ్రిడ్‌లో ఉన్న అందరూ కడతారు. సంతలో టమాటా తక్కువై, హోటలాయన వచ్చి బుట్టలన్నీ కొనేస్తే, అర కేజీ కొనుక్కోవడానికి వచ్చిన ముసలమ్మకి కూడా ఆ పెరిగిన ధరే పడుతుంది. ఆమె ఒక్క కాయ ఎక్కువ కొనలేదు, అయినా ఎక్కువ కడుతుంది. ఇదీ అంతే. 2025 జూన్ నుంచి న్యూజెర్సీలో ఇళ్ల బిల్లులు 17 నుంచి 20 శాతం పెరిగాయి. న్యూజెర్సీలో, వర్జీనియాలో తెలుగువాళ్లు చాలామంది ఉంటారు, ఆ బిల్లు వాళ్లకీ వచ్చింది. ఆ ఏడాది నవంబర్‌లో జరిగిన న్యూజెర్సీ గవర్నర్ ఎన్నికల్లో కరెంటు బిల్లే పెద్ద మాట అయింది. జార్జియా రాష్ట్రంలో కరెంటు రేట్లు నిర్ణయించే కమిషన్‌కి జనమే సభ్యుల్ని ఎన్నుకుంటారు. అక్కడ పాత సభ్యులు ఇద్దరు ఓడిపోయారు.

ఐర్లాండ్ ఇంకో ఉదాహరణ. చిన్న దేశం, పన్నులు తక్కువని పెద్ద కంపెనీలన్నీ అక్కడికి పోయాయి. 2015లో ఆ దేశం కరెంటులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023లో 21 శాతం. ఆ ఏడాది పట్టణాల్లోని ఇళ్లన్నీ కలిపి వాడింది 18 శాతమే. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది. 2010లో ఆ దేశం పెద్ద వినియోగదారులకి తీగల ఖర్చు తగ్గించి, ఆ భారాన్ని ఇళ్ల మీదకి జరిపింది. కంపెనీలు వెళ్లిపోకుండా ఉండాలని అప్పుడు చెప్పిన కారణం. 2022 దాకా అది అలాగే నడిచింది. పన్నెండేళ్లు ఇళ్లవాళ్లు తమ బిల్లులో కంపెనీల భారం కూడా మోశారు. బిల్లు మీద అలా రాసి ఉండదు కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు.

రెండో వైపు కూడా చెప్పాలి

పెద్ద కంపెనీ వస్తే ప్రతిసారీ బిల్లు పెరుగుతుందా? లేదు. ఇది నిజాయితీగా చెప్పాలి, లేకపోతే రేపు ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబుండదు. అమెరికాలోనే నార్త్ డకోటాలో గిరాకీ బాగా పెరిగింది, సగటు ధర మాత్రం పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. అక్కడ ప్లాంట్లు, తీగలు ముందే సరిపడా ఉన్నాయి. పాత తీగల ఖర్చుని పంచుకోవడానికి ఇంకొకరు వచ్చారు, అందరి వాటా తగ్గింది. బస్సులో సగం సీట్లు ఖాళీగా ఉంటే కొత్త ప్యాసింజర్ ఎక్కడం లాభమే. బస్సు నిండిపోయాక ఇంకో బస్సు కొనాల్సొస్తే, ఆ కొత్త బస్సు డబ్బు ఎవరు పెడతారన్నదే ప్రశ్న.

కొన్ని రాష్ట్రాలు దీనికి రూల్ పెట్టాయి. ఒహాయోలో 2025 జూలైలో కమిషన్ ఒక ఆర్డర్ ఇచ్చింది. 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్ ఎంత కరెంటు కావాలని అడిగిందో, దానిలో కనీసం 85 శాతానికి డబ్బు కట్టాలి, వాడినా వాడకపోయినా. 12 ఏళ్ల దాకా. ఎందుకంటే వాళ్ల కోసం తీగలు వేశాక వాళ్లు రాకపోతే, ఆ అప్పు మిగతా జనం మీద పడుతుంది. వర్జీనియా కూడా 2025 నవంబర్‌లో పెద్ద వినియోగదారులకి వేరే కేటగిరీ పెట్టింది. ఒరెగాన్ అయితే చట్టమే చేసింది. అంటే బిల్లు పెరగడం ఆకాశం నుంచి వచ్చే వాన లాంటిది కాదు. కమిషన్ రాసే రూల్‌ని బట్టి ఉంటుంది.

మన దగ్గర బిల్లు ఎలా తయారవుతుంది

ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు రేట్లు నిర్ణయించేది విద్యుత్ నియంత్రణ మండలి, ఏపీఈఆర్‌సీ. 1998లో సంస్కరణల చట్టం చేశారు, 1999లో మండలి ఏర్పడింది, విద్యుత్ బోర్డుని జెన్‌కో, ట్రాన్స్‌కో అని విడగొట్టారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో జరిగిన పని ఇది. 2000లో ఛార్జీలు పెంచారు. జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి అనే ముగ్గురు చనిపోయారు. అప్పటికి మేం పుట్టలేదు. కానీ ఆ తర్వాత ఇక్కడ ఏ ప్రభుత్వమైనా కరెంటు రేటు ముట్టుకోవాలంటే ఎందుకు భయపడుతుందో ఆ రోజు తెలిస్తేనే అర్థమవుతుంది.

భయం ఉంది కాబట్టి రేటుని నేరుగా పెంచడం తగ్గించారు. వేరే పేర్లతో పెంచుతున్నారు. బిల్లులో ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అని ఉంటుంది చూడండి. డిస్కంలు ముందు అనుకున్న దానికంటే ఎక్కువ ధరకి కరెంటు కొంటే, ఆ తేడాని తర్వాత వసూలు చేసుకుంటాయి. 2022-23లో కొన్న కరెంటుకి 6 వేల కోట్ల రూపాయలకు పైగా, 2023-24కి 9,400 కోట్లకు పైగా వసూలు చేసుకోవడానికి 2024 చివర్లో మండలి ఒప్పుకుంది. అంటే రెండేళ్ల కిందట మార్కెట్లో ఎక్కువకి కొన్నది ఇవాళ మన బిల్లులోకి వస్తుంది. అందుకే ఒక పెద్ద గిరాకీ వచ్చిన రోజునే దాని బరువు తెలియదు.

2022లో మార్చిన స్లాబుల ప్రకారం 200 యూనిట్లు వాడిన ఇంటి లెక్క చేద్దాం. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున 57 రూపాయలు. తర్వాత 45 యూనిట్లు 3 రూపాయల చొప్పున 135. తర్వాత 50 యూనిట్లు 4.50 చొప్పున 225. మిగిలిన 75 యూనిట్లు 6 చొప్పున 450. మొత్తం 867 రూపాయలు. దీని మీద యూనిట్‌కి 40 పైసలు సర్దుబాటు పడితే ఇంకో 80. రోజు కూలీతో బతికే ఇంటికి 80 రూపాయలు అంటే రెండు రోజుల కూర.

ఇప్పుడు "మనకి ఫ్రీ కదా" అన్న మాటకి జవాబు. ఆంధ్రలో ఎస్టీ ఇళ్లకి 200 యూనిట్ల దాకా, తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితం. అది మన హక్కు, అడిగి తెచ్చుకున్నదే. కానీ ఫ్రీ అంటే ఎవరూ కట్టడం లేదని కాదు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంలకి ముందుగా కట్టాలి. యూనిట్ ఖర్చు పెరిగితే ఆ సబ్సిడీ మొత్తం పెరుగుతుంది. ప్రభుత్వం మీద బరువు పెరిగినప్పుడు ముందు ఏం కోస్తారో మనకి తెలుసు. కార్డుకి ఇంకో షరతు, ఆధార్‌కి ఇంకో లింకు, లిస్టులోంచి కొన్ని పేర్లు మాయం. స్కాలర్‌షిప్ విషయంలో ఈ ఆట మనం చూస్తూనే ఉన్నాం.

ఇంకోటి. ఆ ఉచితం మన ఊరి ఇంటికి. చదువుకోడానికి, పనికి టౌన్‌కి వచ్చి అద్దె రూముల్లో ఉండేవాళ్ల సంగతేంటి? మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది. సబ్ మీటర్ పెట్టి ఆయన చెప్పిందే రేటు. ఓనరుకి బిల్లు పెరిగితే మనకీ పెరుగుతుంది, తగ్గితే మాత్రం మనకి తగ్గదు. హాస్టల్లో సీటు రాక రూముల్లో ఉంటున్న మన అక్కలకీ అన్నలకీ ఇది ప్రతి నెలా అనుభవమే.

మన దేశంలో ఇంకో పద్ధతి ఉంది. ఫ్యాక్టరీలు, షాపులు కాస్త ఎక్కువ కడతాయి, ఆ డబ్బుతో ఇళ్లకి రేటు తగ్గుతుంది. క్రాస్ సబ్సిడీ అంటారు. పెద్ద వినియోగదారుడికి రాయితీ ఇచ్చినా, అతను డిస్కంని వదిలేసి బయట కొనుక్కున్నా ఆ సాయం పోతుంది. విశాఖ సెంటర్లకి భూమి, నీళ్లు, కరెంటు మీద రాయితీలు ఇస్తున్నారు. ఆ రాయితీ డబ్బు బడ్జెట్ నుంచి వస్తుందా, డిస్కంల ఖర్చులో కలిసి మన యూనిట్ రేటులోకి వస్తుందా అన్నది మనం అడగాల్సిన మొదటి ప్రశ్న.

మళ్లీ కొండ మీదికే

సోలార్ కరెంటు పగలు వస్తుంది. డేటా సెంటర్‌కి రాత్రీ కావాలి. అందుకే ఇప్పుడు పంప్డ్ స్టోరేజ్ అంటున్నారు. కింద ఒక చెరువు, పైన కొండ మీద ఒక చెరువు. పగలు సోలార్‌తో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడటానికి పట్టే కరెంటు కంటే తిరిగి వచ్చేది తక్కువే, కానీ రాత్రి వస్తుంది కాబట్టి విలువ. దీనికి కొండ కావాలి, నీళ్లు కావాలి. ఆ రెండూ ఉన్నది మన దగ్గరే. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల ప్రాజెక్టు జెన్‌కో చేతిలో ఉంది. మన్యం వైపు కురుకుట్టి, కర్రివలస ప్రాజెక్టులకి 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం ఇచ్చింది. ఫలానా ప్రాజెక్టు ఫలానా డేటా సెంటర్ కోసమే అని మేం అనడం లేదు. కానీ రాత్రి కరెంటుకి గిరాకీ ఎంత పెరిగితే కొండ మీద చెరువుకి ఒత్తిడి అంత పెరుగుతుంది. ఇది లెక్క, ఆరోపణ కాదు.

మాచ్‌ఖండ్ నాటి మనవాళ్లకి లేనివి ఇప్పుడు మనకి కొన్ని ఉన్నాయి. 1/70 చట్టం ఉంది. 1996 పీసా చట్టం ఉంది, గ్రామసభని అడగాలి. 1997 సమత తీర్పు ఉంది. అన్నిటికంటే, కాగితం చదవగలిగే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఒకరిద్దరైనా ఉన్నారు.

మేం అడగాలనుకుంటున్నవి

డిస్కంలు ప్రతి ఏడాదీ తమ ఖర్చుల లెక్క మండలికి ఇస్తాయి. చట్టం 64వ సెక్షన్ ప్రకారం దాన్ని బయటపెట్టి, జనం అభ్యంతరాలు తీసుకోవాలి. విశాఖలో కూడా బహిరంగ విచారణ పెడతారు. ఎవరైనా రాయొచ్చు, వకీలు అక్కర్లేదు. మేం ఈసారి హాస్టల్ నుంచి ఈ నాలుగు మాటలు రాసి పంపుతాం:

1. డేటా సెంటర్లకి వేరే కేటగిరీ పెట్టాలి. అడిగినంత కరెంటుకి, వాడినా వాడకపోయినా, కనీస మొత్తం ఏళ్ల తరబడి కట్టేలా ఒప్పందం ఉండాలి.

2. వాళ్ల కోసం వేసే లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు వాళ్ల దగ్గరే తీసుకోవాలి. ఇళ్ల బిల్లులో కలపకూడదు.

3. రాయితీ ఎంత ఇచ్చారో, ఏ ఖాతా నుంచి ఇచ్చారో ప్రతి ఏడాదీ జనానికి చెప్పాలి. నీళ్ల లెక్క కూడా.

4. కొండ మీద ప్రాజెక్టు పెట్టే ముందు గ్రామసభ నిర్ణయం తీసుకోవాలి. కరెంటు పుట్టిన పంచాయతీలో ముందు అన్ని ఇళ్లకీ కరెంటు ఉండాలి.

తెలంగాణ అన్నలు, అక్కలు హైదరాబాద్ చుట్టుపక్కల వస్తున్న డేటా సెంటర్ల మీద ఇవే ప్రశ్నలు మీ మండలికి పంపొచ్చు.

ఒక పని అందరూ చేయగలరు. ఈ నెల మీ ఇంటి బిల్లు తీసి, వెనకా ముందూ పూర్తిగా చదవండి. ఎనర్జీ ఛార్జీ ఎంత, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంత, సర్దుబాటు ఎంత, ప్రభుత్వ సబ్సిడీ ఎంత అని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోండి. అమ్మకి, నాన్నకి చదివి చెప్పండి. ఫొటో తీసి, పేరు, మీటరు నంబరు చెరిపేసి కామెంట్‌లో పెట్టండి. వంద బిల్లులు చేరితే అది మన దగ్గరున్న లెక్క అవుతుంది, విచారణకి అదే పట్టుకెళ్తాం.

జోహార్.